చిన్న వెబ్ హోస్టింగ్ కంపెనీలు సర్వర్, బ్యాండ్‌విడ్త్ ఖర్చు ఎలా భరిస్తాయి? పలాస, టెక్కలి వ్యాపారులకు ఉపయోగపడే వివరాలు

పలాసలో జీడిపప్పు అమ్మే దుకాణం కావచ్చు, టెక్కలిలో ఓ స్కూలు కావచ్చు, సోంపేటలో ట్రావెల్స్ కావచ్చు, మసీదు కమిటీ కావచ్చు. వెబ్‌సైట్ పెట్టాలంటే ఏడాదికి వెయ్యి, రెండు వేలు చాలంటారు. డబ్బు కట్టేస్తాం. అంత తక్కువకి వాళ్ళకి ఎలా గిట్టుబాటు అవుతోంది, మన సైట్ అసలు ఎక్కడుంది, రేపు ఆ కంపెనీ మూతపడితే పరిస్థితి ఏంటి అని మాత్రం అడగం. ఆ లెక్క ఏంటో చూద్దాం.

సర్వర్ ఎవరిది?

వెబ్‌సైట్ అంటే ఫైళ్ళు, ఫొటోలు, డేటాబేస్. ఇవి 24 గంటలూ ఆన్‌లో ఉండే కంప్యూటర్‌లో ఉండాలి. ఆ కంప్యూటరే సర్వర్. చిన్న హోస్టింగ్ కంపెనీల్లో చాలావాటికి సొంత బిల్డింగ్, సొంత కేబుల్ ఉండవు. సొంత ఫ్యాక్టరీ లేకపోయినా వేరేవాళ్ళ దగ్గర పప్పు కొని, తన పేరుతో ప్యాకెట్ కట్టి అమ్మే వ్యాపారి లాంటిదే ఇది కూడా. ఇందులో నాలుగు మెట్లున్నాయి.

1. రీసెల్లర్: పెద్ద కంపెనీ దగ్గర టోకుగా స్థలం తీసుకుని చిల్లరగా అమ్మడం. పెట్టుబడి చాలా తక్కువ.
2. వీపీఎస్: ఒకే సర్వర్‌ని సాఫ్ట్‌వేర్‌తో భాగాలు చేస్తారు. అందులో ఒక భాగం అద్దెకు తీసుకోవడం.
3. డెడికేటెడ్ సర్వర్: మొత్తం మెషీన్‌ని నెల అద్దెకు తీసుకోవడం.
4. కోలొకేషన్: మెషీన్ మనది, స్థలం వేరేవాళ్ళది. డేటా సెంటర్‌లోని ర్యాక్‌లో చోటుకి, కరెంటుకి, నెట్‌కి అద్దె కట్టాలి. మామూలు ర్యాక్‌లో 42 అరలు, ఒక్కో అర 1.75 అంగుళాలు.

సర్వర్ పలాసలోనే ఎందుకు పెట్టరు?

కరెంటు లెక్క చూస్తే అర్థమవుతుంది. 200 వాట్లు తాగే ఒక్క సర్వర్ నెలకి 144 యూనిట్లు కాలుస్తుంది. ఏసీ, యూపీఎస్ కలిపితే అది సులువుగా 200 యూనిట్లు దాటుతుంది. ఆపైన జనరేటర్, రెండు వేర్వేరు దారుల్లో వచ్చే ఫైబర్ లైన్లు, రాత్రి పూట మనిషి కావాలి. ఒకటి రెండు సర్వర్ల కోసం ఇంత ఖర్చు ఎవరూ పెట్టలేరు. వేల సర్వర్లున్న చోట ఈ ఖర్చు అందరికీ పంచుతారు కాబట్టి తలా కొంచెమే పడుతుంది. అందుకే హైదరాబాద్, ముంబై, చెన్నైల్లోని డేటా సెంటర్లకో, విదేశాలకో వెళ్తారు.

తుఫాను భయం ఇంకో కారణం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర్లోనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకి 149 రూపాయల ప్యాకేజీతో ఊళ్ళకి నెట్ తెచ్చింది. ఆ తీగ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. అందువల్లే ఖర్చు తగ్గింది. కానీ స్తంభం పడితే కరెంటుతో పాటు నెట్టూ పోతుంది. సర్వర్ ఇక్కడే ఉంటే ఆ రోజు మన సైట్ ప్రపంచంలో ఎవరికీ కనిపించదు. హైదరాబాద్‌లో ఉంటే మనకి కనిపించకపోయినా దుబాయ్‌లో ఉన్న మనవాళ్ళకి కనిపిస్తుంది.

బ్యాండ్‌విడ్త్ లెక్క

1 ఎంబీపీఎస్ లైన్‌ని నెలంతా ఆపకుండా వాడితే సుమారు 324 జీబీ అవుతుంది. 100 ఎంబీపీఎస్ అయితే 32 టీబీ పైనే. ఇప్పుడు ఓ దుకాణం సైట్‌కి రోజూ 200 మంది వచ్చి, తలా మూడు పేజీలు చూశారనుకుందాం. పేజీ 2 ఎంబీ అయితే రోజుకి 1.2 జీబీ, నెలకి 36 జీబీ. అంటే సగటున 1 ఎంబీపీఎస్‌లో తొమ్మిదో వంతే. చాలా చిన్న సైట్లకి ఇంతమంది కూడా రారు. అందరి సైట్లకీ ఒకేసారి జనం రారు కూడా. అందుకే ఒకే లైన్‌ని వందల మందికి అమ్మగలుగుతారు. దీన్నే ఓవర్‌సెల్లింగ్ అంటారు. వీధిలో అన్ని ఇళ్ళవాళ్ళూ ఒకేసారి కుళాయి తిప్పరన్న నమ్మకంతో నడిచే పద్ధతి ఇది. హద్దులో ఉంటే తప్పు లేదు, హద్దు దాటితే అందరి సైట్లూ నెమ్మదిస్తాయి.

టోకు బిల్లులో 95వ పర్సంటైల్ అనే పద్ధతి ఎక్కువ. ప్రతి 5 నిమిషాలకి ఒకసారి వాడకం కొలుస్తారు. 30 రోజుల నెలలో 8,640 కొలతలు వస్తాయి. వాటిలో పై 432 కొలతలు, అంటే 36 గంటల రద్దీ, వదిలేసి మిగిలినవాటిలో ఎక్కువదానికి బిల్లు వేస్తారు. పండుగ సేల్ రోజున ఒక్కసారిగా జనం వచ్చినా బిల్లు పేలిపోదు.

ఖర్చు తగ్గించే దారులు ఇంకా ఉన్నాయి. 2003లో మొదలైన నిక్సీ ఎక్స్చేంజీల్లో మన దేశంలోని నెట్ కంపెనీలు ఒకదానికొకటి నేరుగా కలుస్తాయి. దేశం లోపలి ట్రాఫిక్ విదేశం వెళ్ళి తిరిగి రానక్కర్లేదు. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్‌లు ఫొటోల కాపీలు తమ దగ్గరే ఉంచి చూపిస్తాయి కాబట్టి అసలు సర్వర్ మీద భారం తగ్గుతుంది. లినక్స్ ఉచితం, లెట్స్ ఎన్‌క్రిప్ట్ భద్రతా సర్టిఫికెట్ ఉచితం. సీప్యానెల్ మాత్రం 2019లో ఖాతాల లెక్కన ధర పెట్టడంతో చిన్న కంపెనీలకి అక్కడ దెబ్బ తగిలింది.

ఇక విశాఖలో డేటా సెంటర్‌కి అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. సముద్ర కేబుల్ కూడా అక్కడికి తెస్తామంది. ఇప్పటిదాకా ఇవి ప్రధానంగా ముంబై, చెన్నైల్లోనే ఒడ్డుకి చేరేవి. అది జరిగితే ఉత్తరాంధ్రకి నెట్ దారి దగ్గరవుతుంది.

అసలు ప్రమాదం ఎక్కడ?

లెక్క కోసం ఓ ఉదాహరణ. ఒక కంపెనీకి 150 మంది కస్టమర్లు, తలా ఏడాదికి 1,500 అనుకోండి. 2,25,000 రూపాయలు ముందే చేతికొస్తాయి. సర్వర్ అద్దె నెలకి 10,000 అయితే ఏడాదికి 1,20,000. మిగిలిన 1,05,000లోంచే సాఫ్ట్‌వేర్, బ్యాకప్, ఫోన్ ఎత్తే మనిషి, అన్నీ నడవాలి. కామర్స్ చదివినవాళ్ళకి తెలుసు, ముందే తీసుకున్న డబ్బు ఆ రోజే ఆదాయం కాదు. సేవ ఇచ్చేదాకా అది బాకీయే. దాన్ని లాభం అనుకుని వేరేచోట ఖర్చు పెట్టినవాళ్ళు ఏదో ఒక నెల అద్దె కట్టలేరు. అప్పుడు పైవాడు సర్వర్ ఆపేస్తాడు, 150 సైట్లూ ఒకేసారి పోతాయి.

పెద్ద కంపెనీ అయినా పూర్తి భరోసా లేదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయింది. వేరే చోట బ్యాకప్ లేని కస్టమర్లు కొందరి డేటా తిరిగి రాలేదు.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

• డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? మీ పేరు, మీ ఈమెయిల్ మీదే ఉండాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. డొమైన్ మీదైతే హోస్టింగ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు.
• సర్వర్ ఏ ఊళ్ళో ఉంది? సొంతమా, రీసెల్లరా? రీసెల్లర్ అయితే తప్పేం లేదు, దాచిపెడితేనే అనుమానించాలి.
• అన్‌లిమిటెడ్ అంటే ఎంత? ఫైళ్ళ సంఖ్యకి, ప్రాసెసర్ వాడకానికి హద్దు షరతుల్లో రాసి ఉంటుంది, చదవండి.
• రెండో ఏడాది ధర ఎంత? మొదటి ఏడాది తగ్గింపు చూసి మోసపోవద్దు. 18 శాతం జీఎస్టీ కలిపి అడగండి.
• బ్యాకప్ వేరే ఊళ్ళో ఉందా? ఉందన్నా సరే, నెలకోసారి మీరూ ఒక కాపీ దించుకుని ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

చిన్న కంపెనీ అని దూరం పెట్టక్కర్లేదు. ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడి, సమస్య వినే మనిషి దొరికేది అక్కడే. డొమైన్, బ్యాకప్ మీ చేతిలో ఉన్నంతవరకు ఎవరు మూసేసినా మీ దుకాణం బోర్డు దిగిపోదు.