యూదుల జాతి హననం: ‘బలి’ అన్న మాట, ‘సాక్ష్యం’ అన్న మాట

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీ జర్మనీ, దానికి వంతపాడిన ప్రభుత్వాలు కలిసి ఐరోపాలో సుమారు 60 లక్షల మంది యూదులను చంపాయి. దీన్ని ప్రపంచం ‘హోలోకాస్ట్’ అంటోంది, తెలుగు పత్రికలు ‘మారణహోమం’ అని రాస్తాయి. రెండు మాటల్లోనూ ఒకటే చిక్కు.

హోలోకాస్ట్‌కు మూలమైన గ్రీకు మాటకు అర్థం, పూర్తిగా కాల్చి అర్పించే బలి. మెదక్ చర్చిలో లేవీయకాండం విన్నవాళ్లకు అది ‘దహనబలి’గా చిన్నప్పటి నుంచీ తెలుసు. పీఠం, యాజకుడు, దేవుడు అన్నీ ఆ మాట వెంటే వస్తాయి. ఆష్విట్జ్‌లో ఎవరూ ఎవరికీ ఏమీ అర్పించలేదు, మనుషులను చంపారు, అంతే. అందుకే చాలామంది యూదులు హీబ్రూ మాట ‘షోవా’ వాడతారు, అంటే ఘోర వినాశనం. మన ‘హోమం’ కూడా హంతకుడికి లేని పవిత్రతను అంటగడుతుంది. ‘జాతి హననం’ అనడమే న్యాయం. ఈ భావానికి 1944లో ‘జెనోసైడ్’ అని పేరు పెట్టినవాడు పోలండ్ యూదు న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన జెనోసైడ్ ఒడంబడికను భారత్ 1959లో ధ్రువీకరించింది.

ఇందాక ‘దహనబలి’ మాట దగ్గర చెప్పిన మెదక్ చర్చిని, అంటే మెదక్ కెథడ్రల్‌ను 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. దాని రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం కనిపిస్తాయి. బయటి వెలుతురు పడినంతసేపే బొమ్మ. పొద్దుగూకితే నల్లటి గాజే. ఆ బొమ్మల్లోని తల్లి, బిడ్డ, శిష్యులు అందరూ యూదులే. అయినా ‘క్రీస్తును చంపినవాళ్లు’ అన్న నిందను ఐరోపా చర్చిలు శతాబ్దాలపాటు యూదుల మీద మోపాయి. ఆ బోధనను మూలాల నుంచి తవ్వి చూపినవాడు ఫ్రెంచి చరిత్రకారుడు జ్యూల్ ఇసాక్. ఆయన భార్యనూ కూతురినీ నాజీలు పొట్టన పెట్టుకున్నారు. 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ చర్చిల మండలి యూదుద్వేషం పాపమని ప్రకటించింది. 1965లో వాటికన్ ‘నోస్త్రా ఏటాటే’ ప్రకటన ఆ నిందను తోసిపుచ్చింది. గుడ్ ఫ్రైడే ప్రసంగాలు వినే ఏ ఊరికైనా ఇది సొంత సంగతే.

తెలుగునాట యూదులన్న మాట బైబిల్లో మాత్రమే వినిపించేది కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే ‘బెనె ఎఫ్రాయిం’ కుటుంబాల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఒక పుస్తకమే వెలువరించారు.

చర్చిలో ‘సాక్ష్యం చెప్పడం’ రోజూ వినే మాట. యూదుల జాతి హననపు స్మృతి నిలిచింది కూడా సాక్ష్యం మీదే. నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో చరిత్రకారుడు ఇమ్మాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ బృందం డైరీలు, పిల్లల రాతలు, ట్రాము టికెట్లు, మిఠాయి కాగితాలు కూడా పోగుచేసి, రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి నేలలో పాతింది. కొన్ని 1946లో, కొన్ని 1950లో బయటపడ్డాయి. 1961లో జెరూసలేంలో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణలో వందమందికి పైగా సాక్షులు బోనెక్కి చెప్పారు, వాళ్లలో చాలామంది బతికి బయటపడ్డవారే. అదే ఏడాది చరిత్రకారుడు రౌల్ హిల్‌బర్గ్ మాత్రం ప్రధానంగా నాజీల దస్తావేజుల ఆధారంగా ఈ హననంపై తన మహాగ్రంథం ప్రచురించాడు. క్లాడ్ లాంజ్‌మన్ సినిమా ‘షోవా’ (1985) తొమ్మిది గంటలు దాటుతుంది. పాత దృశ్యాలు ఒక్కటీ లేవు, మనుషులు మాట్లాడటమే.

1938 నవంబరులో గాంధీ ‘హరిజన్’లో జర్మనీ యూదులకు సత్యాగ్రహం సూచించారు. ఎవరి కంటా పడని చోట చచ్చిపోయేవాడి త్యాగానికి సాక్షి ఎవరని మరుసటి ఏడాది యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ జెరూసలేం నుంచి జవాబు రాశాడు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ బదులు లేదు.

మన దేశం ఈ కథలో నేరుగా ఘెట్టో లోపలే కనిపించే చోటు ఒకటుంది. జబ్బుపడి గదిలోంచి కదలలేని అమల్ కిటికీ దగ్గర కూర్చుని, దారినపోయే పెరుగు అమ్మేవాణ్ని పలకరిస్తూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే ఠాగూర్ నాటకం ‘డాక్ ఘర్’. వార్సా ఘెట్టోలో అనాథ బాలల ఆశ్రమం నడిపిన డాక్టర్ యానుష్ కోర్చాక్ 1942 జులై 18న ఆ నాటకాన్ని పిల్లల చేత వేయించాడు. మూడు వారాలు తిరక్కుండానే ఆయననూ సుమారు 200 మంది పిల్లలనూ ట్రెబ్లింకా హత్యా శిబిరానికి తీసుకుపోయారు. అక్కడ ఇప్పుడు దాదాపు 17,000 రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. వాటిలో కొన్ని రాళ్ల మీద ఊళ్ల పేర్లున్నాయి. మనిషి పేరు చెక్కింది ఒకే ఒక్క రాయి మీద: కోర్చాక్, పిల్లలు.