గుండె ఆగడమే కారణమా? జిజాన్ నేపథ్యంలో శవపరీక్ష ప్రయోజనాలు

సంగ్రహం: శవపరీక్ష వైద్యానికి రోగాన్ని పట్టిస్తుంది, న్యాయస్థానానికి సాక్ష్యం ఇస్తుంది. సౌదీ అరేబియా నైరుతి కొసన, యెమెన్ సరిహద్దులో ఉన్న జిజాన్ ఆధారంగా ఈ రెండు ప్రయోజనాలనూ వ్యాసం పరిశీలిస్తుంది. వలస కార్మికుడి మరణంలో కుటుంబానికి పూర్తి నివేదిక అందాలని వాదిస్తుంది.

1. రోగ నిర్ధారణ

2000 సెప్టెంబరులో జిజాన్‌లో చూడి గొర్రెలు, మేకలు ఈసుకుపోయాయి. జ్వరాలతో మనుషులూ చనిపోయారు. అది రిఫ్ట్ వ్యాలీ ఫీవర్ అని తేలింది. ఆఫ్రికా ఖండం దాటి ఆ వ్యాధి బయటపడడం అదే మొదటిసారి. రక్తపరీక్షలు దాన్ని ధ్రువపరిచాయి. అయితే ఆ వ్యాధిని వేరుగా గుర్తించడానికి దారి చూపింది అంతకు 70 ఏళ్ళ ముందు కెన్యాలో చచ్చిన గొర్రెపిల్లలకు చేసిన కోత పరీక్ష. దెబ్బతిన్న కాలేయాలను పరిశీలించి డాబ్నీ, హడ్సన్, గార్నమ్ 1931లో ఈ వ్యాధిని వర్ణించారు.

2. మతపరమైన అనుమతి

ఇస్లాంలో మృతదేహానికి గొప్ప గౌరవం ఉంది, ఖననం ఆలస్యం చేయరు. అయినా సౌదీ సీనియర్ ఉలమాల (మతపండితుల) మండలి 1976లో (హిజ్రీ 1396) నేర విచారణ కోసం, అంటువ్యాధుల గుర్తింపు కోసం శవపరీక్షను అనుమతించింది. బతికున్నవారికి కలిగే మేలును తూచి తీసుకున్న నిర్ణయమిది. శవపరీక్షకు మతం పూర్తిగా అడ్డన్న అభిప్రాయం దీనిముందు నిలవదు.

3. న్యాయ ప్రయోజనం

2015 డిసెంబరు 24 తెల్లవారుజామున జిజాన్ జనరల్ ఆసుపత్రిలో మంటలు రేగి ఇరవైమందికి పైగా మరణించారు. ఇలాంటి అగ్నిప్రమాద మరణాల్లో ఫోరెన్సిక్ వైద్యుడు శ్వాసనాళం తెరిచి చూస్తాడు. లోపల మసి అంటుకుని, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటే, మంటల వేళకు ఆ మనిషి ఊపిరి పీలుస్తున్నట్టే. ఆ రెండూ లేకపోతే అంతకుముందే ప్రాణం పోయిందా అన్న అనుమానంతో దర్యాప్తు మరో దారి పట్టవచ్చు. పైకి ఒకేలా కాలిన రెండు దేహాలు రెండు వేర్వేరు కేసులు కావచ్చు.

4. వలస కార్మికుడి మరణం

జిజాన్‌లో భారతీయుడు మరణిస్తే జెడ్డాలోని భారత కాన్సులేట్ నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. ఆసుపత్రి నివేదిక, పోలీసు పత్రాలు, కుటుంబం పంపే అధికార పత్రం సమకూరాక దేహం పాడవకుండా ఫార్మలిన్ వంటి రసాయనాలు ఎక్కించి విమానంలో పంపుతారు. జగిత్యాలలోనో కడపలోనో ఆ పెట్టె అందుకున్న ఇంటివాళ్ళకు కాగితం మీద తరచూ కనిపించేది ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అన్న ముక్కే. అది ప్రతి మరణంలోనూ జరిగేదే. మరణానికి మూలమైన జబ్బునో గాయాన్నో రాయాలని, ఇలాంటి అంతిమ స్థితిని కారణంగా చూపకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కారణంగా ఏం రాశారన్నదానికి డబ్బుతోనూ ముడి ఉంది. మరణాల విషయంలో ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయలు అందేది ప్రమాద మరణానికే. సహజ మరణమని రాస్తే ఆ దారి మూసుకుపోతుంది.

దేహాన్ని భారత్‌కు తెచ్చాక మళ్ళీ పోస్టుమార్టం చేయించవచ్చు. ఎముకలు విరిగితే కనిపిస్తాయి. కానీ ఫార్మలిన్ ఎక్కించిన దేహంలో విషపరీక్ష నమ్మదగినట్టు సాగదు. వడదెబ్బ అయితే మరీ కష్టం. అది దేహంలో తనకే ప్రత్యేకమైన గుర్తులు పెద్దగా వదలదు. చనిపోయేముందు ఒంటి వేడి ఎంత, ఏ ఎండలో ఏ పని చేస్తున్నాడన్న వివరాలు అక్కడే, అప్పుడే నమోదు కావాలి.

ముగింపు

అనుమానం ఉన్న ప్రతి మరణంలోనూ రసాయనాలు ఎక్కించకముందే శవపరీక్ష కోరాలి. నిరభ్యంతర పత్రంతోపాటు పూర్తి నివేదిక ప్రతిని, దాని తెలుగు అనువాదాన్ని కుటుంబానికి ఇప్పించే బాధ్యతను కాన్సులేట్, రాష్ట్ర ప్రభుత్వాల ప్రవాస విభాగాలు తీసుకోవాలి. కూలికి వెళ్ళిన మనిషి ఎలా పోయాడో తెలుసుకోవడం అతని పిల్లల హక్కు.