వి.ఎస్. రమాదేవి: సభ తెలిసిన గవర్నరు

నెల్లూరు జిల్లా మనుబోలులో ఓటరు వేసిన ఓటు సర్వేపల్లి నియోజకవర్గానికి ఒక ఎమ్మెల్యేని ఇస్తుంది. ఏ పార్టీకీ మెజారిటీ రాని రోజున ముఖ్యమంత్రిగా ముందు ఎవర్ని పిలవాలో, ఎన్నాళ్లలో బలం చూపమనాలో తేల్చేది మాత్రం గవర్నరు. అంటే ఓటరు ఎన్నుకోని మనిషి చేతిలో ఓటు విలువ కొంత ఉంటుంది. అంతటి పదవిలోకి మహిళ వచ్చినప్పుడు మన మాటలన్నీ ‘తొలి మహిళ’ అన్న పొగడ్త దగ్గరే ఆగిపోతాయి. తెలుగు నేలతో సంబంధమున్న గవర్నర్ల చరిత్రను వరసగా చూస్తే అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉందనిపిస్తుంది. వాళ్లు ఏ దారిన రాజ్‌భవన్‌కు చేరారన్నదే ఆ ప్రశ్న. వి.ఎస్. రమాదేవి జీవితం దానికి గట్టి జవాబు ఇస్తుంది.

స్వతంత్ర భారతంలో తొలి మహిళా గవర్నరు హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు. 1947 ఆగస్టు 15న యునైటెడ్ ప్రావిన్సెస్ బాధ్యత తీసుకుని, 1949 మార్చి 2న పదవిలో ఉండగానే లక్నోలో కన్నుమూశారు. ఆమె కూతురు పద్మజా నాయుడు 1956 నుంచి 1967 వరకు పశ్చిమ బెంగాల్ గవర్నరు. ఇద్దరూ జాతీయోద్యమం నుంచి వచ్చినవాళ్లు. ఆ కాలంలో దాదాపుగా కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ కాంగ్రెసే ఉండేది కనుక గవర్నరు తటస్థతకు పరీక్ష తక్కువ. ఆ సౌఖ్యం తర్వాతివారికి లేదు. ఆంధ్రప్రదేశ్‌కు 1977లో శారదా ముఖర్జీ, 1985లో కుముద్‌బెన్ జోషి వచ్చారు. జోషి నాటికి ఢిల్లీలో కాంగ్రెస్, హైదరాబాదులో తెలుగుదేశం. ఆమె జిల్లా పర్యటనలు కూడా ఎన్.టి. రామారావు ప్రభుత్వంతో తగవుకు కారణమయ్యాయి. గవర్నరు కాకముందు ఆమె కాంగ్రెస్ నాయకురాలు కావడం వల్ల, ఏం చేసినా వెనక పార్టీ ఉందన్న అనుమానం ఆమెను వదల్లేదు.

ఆ తగవుకు ఆమె స్త్రీ కావడంతో సంబంధం లేదని చెప్పడానికి నెల్లూరు జిల్లాలోనే ఆధారం ఉంది. బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఎదిగి ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి, సరోజినీ నాయుడు కూర్చున్న ఆ లక్నో కుర్చీలోనే 1967 నుంచి 1972 వరకు ఉన్నారు. 1970లో, ముఖ్యమంత్రి చరణ్‌సింగ్ సభలో తన బలం చూపుకునే అవకాశం రాకముందే, రాష్ట్రపతి పాలనకు సిఫారసు చేశారు. ఆ ఏడాది అక్టోబరులోనే త్రిభువన్ నారాయణ్ సింగ్ ముఖ్యమంత్రి కావడంతో ఆ తొందర ఎంత అనవసరమో తేలిపోయింది. 1989లో కర్ణాటక గవర్నరుగా పెండేకంటి వెంకటసుబ్బయ్య కూడా బొమ్మై ప్రభుత్వం విషయంలో సభాపరీక్ష లేకుండానే సిఫారసు పంపారు. మెజారిటీ తేలవలసింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనని 1994లో సుప్రీంకోర్టు చెప్పింది ఈ బొమ్మై కేసులోనే. ఇద్దరూ అనుభవజ్ఞులు, ఇద్దరూ పార్టీ రాజకీయాల్లో పండినవారు.

రమాదేవి వచ్చిన దారి వేరు. 1934లో పశ్చిమగోదావరి జిల్లా చేబ్రోలులో పుట్టి, న్యాయశాస్త్రం చదివి, కేంద్ర న్యాయశాఖలో శాసన విభాగం కార్యదర్శి దాకా ఎదిగారు. బిల్లు ముసాయిదాలో ఒక్క మాట జారితే దాని ఫలితం ఎంత దూరం పోతుందో తెలిసిన ఉద్యోగం అది. 1990 నవంబరు 26న, పేరిశాస్త్రి తర్వాత, ప్రధాన ఎన్నికల కమిషనరయ్యారు. డిసెంబరు 11న పదవి వదిలారు, మర్నాడు శేషన్ వచ్చారు. ఆ కొద్ది రోజులే అయినా, ఆ పదవిలో కూర్చున్న మహిళ ఇప్పటికీ ఆమె ఒక్కరే. 1993 నుంచి 1997 దాకా రాజ్యసభ సెక్రటరీ జనరల్. అక్కడి నుంచి హిమాచల్ ప్రదేశ్ గవర్నరు, 1999 డిసెంబరు నుంచి 2002 ఆగస్టు దాకా కర్ణాటక గవర్నరు. హిమాచల్‌కు పంపింది గుజ్రాల్ ప్రభుత్వం, కర్ణాటకకు పంపింది వాజపేయి ప్రభుత్వం. ఒకదానికొకటి పొసగని రెండు ప్రభుత్వాలూ ఆమెను నమ్మాయి.

అసలు పరీక్ష 1998 మార్చిలో వచ్చింది. హిమాచల్‌లో కాంగ్రెస్‌కూ బీజేపీకీ మెజారిటీ రాలేదు, సుఖ్‌రామ్ కొత్త పార్టీ మద్దతు కీలకమైంది. ముందు కాంగ్రెస్ నాయకుడు వీరభద్రసింగ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు, బలం నిలవక తప్పుకున్నారు. మార్చి 24న బీజేపీ నాయకుడు ధూమల్ వచ్చారు. అంతకు నెల ముందే లక్నోలో గవర్నరు రోమేశ్ భండారీ రాత్రికి రాత్రి ముఖ్యమంత్రి కల్యాణ్‌సింగ్‌ను తప్పించి జగదంబికాపాల్ చేత ప్రమాణం చేయించడం, కోర్టు కలగజేసుకుని సభలో బలపరీక్ష పెట్టించడం దేశమంతా చూసింది. సిమ్లాలో కోర్టు అవసరం లేకుండానే ప్రభుత్వం మారింది.

దీనికి రెండు అభ్యంతరాలు రావచ్చు. భండారీ కూడా అధికారిగా ఎదిగినవారే, మాజీ విదేశాంగ కార్యదర్శి. మరి అధికారులు మేలని ఎలా అంటాం అన్నది మొదటిది. నిజమే, ఉద్యోగి కావడమే అర్హత కాదు. రమాదేవి అనుభవం శాసనసభల నియమాల్లో గడిచినది, ఆ తేడానే లెక్కలోకి తీసుకోవాలి. రెండోది, బొమ్మై తీర్పు తర్వాత ఎవరైనా అలాగే నడుచుకోవలసిందే కదా అన్నది. భండారీ చేసినది కూడా ఆ తీర్పు తర్వాతే, 2005లో బీహార్‌లో గవర్నరు బూటాసింగ్ సిఫారసుపై జరిగిన సభ రద్దు కూడా ఆ తర్వాతే. ఆ రద్దును రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు దారి చూపుతుందే తప్ప నడిపించదు. కర్ణాటకలో ముఖ్యమంత్రి ఎస్.ఎం. కృష్ణకు స్పష్టమైన మెజారిటీ ఉంది కనుక అక్కడ ఆమెకు కష్టం తక్కువన్నది మాత్రం ఒప్పుకోవాలి. ఒక్కరి అనుభవంతో సూత్రం కట్టలేమన్నదీ న్యాయమే.

అయినా ఆమె జీవితం ఒక ప్రమాణాన్ని నిలబెడుతుంది. గవర్నరు చురుకైన పార్టీ రాజకీయాల్లో మరీ మునిగి తేలినవారు కాకూడదని సర్కారియా కమిషన్ 1987లోనే చెప్పింది. ఆ సలహాను ఏ ప్రభుత్వమూ అలవాటుగా పాటించలేదు. కొత్త గవర్నరు పేరు వినగానే ఆడా మగా అని కాక, సభ నియమాలతో ఈ మనిషి ఎన్నాళ్లు పనిచేశారని అడగడం మొదలుపెడితే, హంగ్ వచ్చిన రోజున మనుబోలు ఓటు విలువ రాజ్‌భవన్ అభిరుచి మీద ఆధారపడదు.