గుండెకవాటము మార్చిన పిమ్మట నడక



చిన్ననాటి కీళ్ళవాతజ్వరము వలన చెడిన నా గుండెకవాటమును వైద్యులు హైదరాబాదున మార్చిరి. కరీంనగరము చెంతనున్న మా యింటికి మరలినది మొదలు మా యవ్వ నన్ను మంచము దిగనీయలేదు. "గుండె గోసినంక నడుసుడేంది బిడ్డా!" యని కన్నీరు పెట్టెడిది. ఆ భయము పల్లెవారిదే కాదు. పూర్వము వైద్యులకును నుండెను.

డబ్లిను వైద్యుడు విలియం స్టోక్సు 1854లోనే కొందరు హృద్రోగులకు క్రమముగ పెంచు నడక మేలని వ్రాసెను. ఆ మాట మరుగుపడెను. గుండెపోటు వచ్చినవారిని వారములకొలది పరుండబెట్టుటయే ఆచారమయ్యెను. 1952లో లెవైను, లౌను అను అమెరికా వైద్యులు అట్టివారిని కుర్చీలో కూర్చుండబెట్టి, దానివలన మేలే గాని కీడు లేదని చూపిరి. పిదప 1960లో స్టారు, ఎడ్వర్డ్సు అనువారి కృత్రిమకవాటమును, 1990లో తిరువనంతపురమున రూపొందిన చిత్రాకవాటమును రోగుల కమర్పబడినవి. కవాటము క్రొత్తదైనను, కదలని దేహమున కండ కరగును.

కోసిన రొమ్ముటెముక అతుకుటకు రెండు మూడు నెలలు పట్టును. అంతవరకు బిందె నెత్తరాదు, నాగలి పట్టరాదు. నడక మాత్రము మానరాదు. నేను మొదట వాకిటను, పిదప వీధిని, మూడవ నెలలో మానేరు కట్టమీదను నడచితిని. వైద్యుడు పరీక్షించి సమ్మతించిన పిమ్మటనే, ఆరవ నెలలో మెల్లగ పరుగిడితిని. ఆయాసమైనను, తల తిరిగినను వెంటనే నిలిచెడివాడను. లోహకవాటము గలవారు నెత్తురు గడ్డకట్టనీయని మందును జీవితాంతము వాడవలెను. కావున దెబ్బలు తగులు కుస్తీ, కబడ్డీలు వారికి తగవు.

ఇప్పుడు తెల్లవారకముందే నన్ను నడకకు లేపునది మా యవ్వయే. సెలవు.