నింద తొలగనిదే సేవ చేరదు: ఉగాండా సంఘ చరిత్ర నేర్పే పాఠము

హెచ్.ఐ.వి. సోకినవారి మధ్య జరిగిన క్రైస్తవ పరిచర్యను వివరించేటప్పుడు మనము సాధారణముగా ఆసుపత్రులను, అనాథ శరణాలయములను, పంచిన ఆహారమును లెక్కిస్తాము. అయితే నింద నిలిచి ఉన్నచోట ఈ సహాయము అవసరమైనవారిని చేరదని ఉగాండా చరిత్ర చూపిస్తున్నది. దానిని ఈ వ్యాసములో క్లుప్తముగా పరిశీలిస్తాము.

1982లో విక్టోరియా సరస్సు ఒడ్డున, రకాయి జిల్లాలోని కసెన్సెరో అనే జాలరి గ్రామములో ఈ వ్యాధిని గుర్తించారు. రోగులు చిక్కి శల్యమైపోవడము చూసి ప్రజలు దానికి 'స్లిమ్' అని పేరు పెట్టారు. కొందరు చేతబడి అన్నారు. అనేక సంఘములలో అది వ్యభిచారమునకు దేవుడిచ్చిన శిక్ష అనే బోధ వినిపించింది. అందుచేత రోగి తన రోగమును దాచుకున్నాడు. కుటుంబము మరణ కారణమును దాచింది.

ఈ మౌనమును మొదట ఛేదించినవారు బాధితులే. ఫిజియోథెరపిస్టు అయిన నోరిన్ కలీబా భర్త క్రిస్టఫర్ 1987 జనవరిలో ఎయిడ్స్‌తో మరణించారు. అదే సంవత్సరము ఆమె మరికొందరితో కలిసి 'టాసో' అనే సహాయ సంస్థను స్థాపించారు. వ్యవస్థాపకులలో అనేకులు వైరస్ సోకినవారే. అప్పటికి వారి చేతిలో ప్రాణము నిలిపే మందు లేదు. ఆలకించడము, ఆలోచన చెప్పడము, ఇంటికి వెళ్లి సేవ చేయడము, ఇవే వారు ఇవ్వగలిగినవి.

తరువాత ప్రసంగ వేదిక నుండే ఒక స్వరము లేచింది. ఆంగ్లికన్ సంఘమునకు చెందిన గిడియన్ బ్యాముగిషా భార్య 1991లో మరణించారు. తనకూ వైరస్ ఉన్నదని తెలుసుకున్న ఆయన 1992లో ఆ సంగతిని బహిరంగముగా చెప్పారు. ఆఫ్రికాలో అలా ప్రకటించిన మొదటి మతనాయకుడు ఆయనే. ఆనాటి నుండి 'వారి రోగము' అన్న మాట సంఘములో చెల్లలేదు. అది సంఘ శరీరములోనే ఉన్నది. 2003 డిసెంబరులో నమీబియాలోని విండ్‌హుక్‌లో సమావేశమైన దైవశాస్త్రవేత్తలు, నింద మోపడమే సృష్టికర్తకు విరోధమైన పాపమని తేల్చి చెప్పారు.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. 2000వ దశకములో మన దేశములో ఈ వ్యాధి అధికముగా ఉన్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోజులలో ఒక విశ్వాసి భూస్థాపనకు వెళ్లిన మేము గడప దాటకుండా ప్రార్థించి తిరిగి వచ్చాము. ఆమె బిడ్డలు మా ముఖము వైపు చూశారు. పుట్టు గ్రుడ్డివాని విషయములో 'ఎవరు పాపము చేశారు' అని అడిగిన శిష్యుల ప్రశ్నే ఆ దినమున మా మనస్సులోనూ ఉన్నది.

2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా మందులు ఇవ్వడము ఆరంభమైనది. 2017లో చేసిన చట్టము ఉద్యోగము, చదువు, వైద్యము, నివాసము విషయములలో వివక్షను నిషేధించింది. మందులు క్రమముగా వాడి, రక్తపరీక్షకు అందని స్థాయికి వైరస్ తగ్గినవారి నుండి లైంగిక సంబంధము ద్వారా కూడా అది సోకదని వైద్యశాస్త్రము నిర్ధారించింది. ప్రభువు బల్ల వద్ద ఒకే గిన్నె పంచుకోవడము వలన అది ఎన్నడూ సోకలేదు.

మందు వచ్చినది, చట్టము వచ్చినది. ఇక మిగిలినది మన బోధ. కాపరి నోట నింద ఉన్నంతకాలము రోగి మందు చీటీని దాచుకుంటూనే ఉంటాడు. కనుక సేవా నిధిని పోగుచేయడమునకు ముందు కాపరులమైన మనము మన ప్రసంగములను పరీక్షించుకుందాము.