ఆల్బమ్ సమీక్ష, ఉద్యమ గీతం: విలువ నిర్ణయంలో రెండు పద్ధతులు

1969లో న్యూయార్క్ వారపత్రిక 'విలేజ్ వాయిస్'లో రాబర్ట్ క్రిస్‌గావ్ 'కన్స్యూమర్ గైడ్' శీర్షికను ప్రారంభించి, కొత్త పాప్ ఆల్బమ్‌లకు పరీక్షపత్రాలకు వలె అక్షర శ్రేణులు ఇచ్చాడు. ఇక్కడ తీర్పుకు ఆధారం రికార్డు, తీర్పరి ఒక్కడే.

అదే సంవత్సరం ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి కేంద్రమైంది. మలిదశలో, 2010 జనవరి 3న ఆ ప్రాంగణంలో విద్యార్థి గర్జన జరిగే నాటికి, ధూంధాం వేదికల ద్వారా పాట ఉద్యమానికి ప్రధాన వాహిక అయింది. తార్నాక మొదలు ఆర్ట్స్ కళాశాల వరకు వ్యాపించిన ఆ వాతావరణంలో పాటకు పరీక్ష ఒక్కటే: సమూహం వంత అందుకుంటుందా, లేదా? సందర్భాన్ని బట్టి గాయకుడు చరణాలు మార్చుకొనేవాడు. కనుక పాఠం స్థిరం కాదు.

2011లో ఎన్. శంకర్ 'జై బోలో తెలంగాణ' చిత్రంలో గద్దర్ గానం చక్రి సంగీతంతో ఆల్బమ్‌లో చేరినప్పుడు ఈ రెండు కొలమానాలూ ఎదురుపడ్డాయి. బాణీ, వాద్యసమ్మేళనం, ధ్వనిముద్రణల నాణ్యతను పత్రికా సమీక్ష తూచగలదు. వంత పాడిన గొంతుల బలాన్ని తూచలేదు.

ఇది సమీక్షకుల లోపం కాదు, సమీక్షా ప్రక్రియకున్న పరిమితి. అయితే సమీక్షలనే ఆధారంగా గ్రహించే సాహిత్య చరిత్రలో, ఆల్బమ్‌గా వెలువడని పాటలకు చోటు దక్కదు. కావున ఉద్యమ గీత పరిశోధకులు ముద్రిత సమీక్షతోపాటు పాడినవారి, వంత పలికినవారి మౌఖిక సాక్ష్యాన్నీ సేకరించడం అవసరం.