ఆకాశం నుంచి పైరును చూచిన కథ

నాయుడుపేట ప్రాంతంవారికి శ్రీహరికోట రాకెట్లు కొత్తగాదు. వాటివల్ల మన వరిమడికి ఒరిగిందేమిటని అడిగేవారున్నారు. అడగవలసిన మాటే. జవాబు మాత్రం కేరళ కొబ్బరితోటలో మొదలవుతుంది.

అక్కడ కొబ్బరికి వేరుతెగులు పట్టి తోటలు నాశనమవుతూ ఉండేవి. పి.ఆర్. పిషారొటీగారు వాతావరణ శాస్త్రజ్ఞులు. వానలు, గాలుల పరిశోధనలోనే ఏళ్లు గడిపినవారు. 1970లో ఆయన బృందం హెలికాప్టరులో తిరిగి, ఆ తోటలను ఒక ప్రత్యేకమైన ఫిల్ముమీద ఫోటోలు తీసింది. ఆరోగ్యమైన ఆకు మన కంటికి కనబడని ఒక వెలుగును, ఎరుపుకు అవతలి వెలుగును, విస్తారంగా తిప్పి పంపుతుంది. ఆ ఫిల్ము దాన్ని ఎర్రగా చూపిస్తుంది. జబ్బుపడ్డ చెట్టులో ఆ ఎరుపు తగ్గుతుంది. మన దేశంలో దూరం నుంచి చెట్టుచేమలను పరీక్షించే విద్యకు అదే నాంది.

తరువాతి అడుగు మన గడ్డమీదనే పడినది. 1974–75లో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి, అనంతపురం జిల్లాలోనూ, పంజాబులోని పటియాలాలోనూ విమానం నుంచి ఫోటోలు తీసి పైర్ల లెక్క కట్టి చూచినారు. ఇందులో విమానంకంటె కాలినడకదే పెద్ద పని అని నా అభిప్రాయం. ఫోటోలో ఎరుపు ఎరుపే. అది వేరుశనగో, కంపచెట్టో చేలోకి దిగితేగాని తేలదు. మన తీరంలోనైనా అంతే: సరుగుడు తోటను అడవి అనుకుంటే పటమంతా తప్పే.

1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.–1ఎ ఉపగ్రహం రష్యా రాకెట్టుమీద వెళ్ళినది. దాని మేలైన కెమెరాకు ఒక్కొక్క చుక్క 36.25 మీటర్ల చదరం, అంటే సుమారు 32 సెంట్లు. మన పది సెంట్ల నారుమడి ఆ చుక్కలో కలిసిపోతుందన్నమాట! 1994లో ఇదే తరహా ఉపగ్రహం శ్రీహరికోట నుంచే ఎగిరింది.

అయితే మన నెల్లూరు తీరానికి వేరే చిక్కు ఉన్నది. మనకు గట్టి వానలు అక్టోబరు మొదలు డిసెంబరు దాకా. నారుమళ్ళూ నాట్లూ ఆ రోజుల్లోనే. తుఫాను పట్టి పైరు మునిగేదీ అప్పుడే. మబ్బు కమ్మితే కెమెరాకు నేల కనబడదు. నష్టం లెక్క కట్టవలసిన వేళకే కన్ను మూతపడితే ఎట్లా?

అందుకు వచ్చినదే రాడారు. 2012లో రిశాట్–1, 2022 ఫిబ్రవరి 14న ఇ.ఓ.ఎస్.–04, రెండూ శ్రీహరికోట నుంచే వెళ్ళినవి. రాడారు తానే తరంగాలు పంపి, తిరిగి వచ్చినవాటిని పట్టుకుంటుంది. వాటికి మబ్బు అడ్డుకాదు. నీరు నిలిచిన దమ్ముమడి అద్దంలాంటిది, తరంగాలను పక్కకు విసిరేస్తుంది, అందుకని బొమ్మలో నల్లగా పడుతుంది. నాటిన పైరు దుబ్బుకట్టినకొద్దీ తెలుపెక్కుతుంది. నలుపు ఎప్పుడు తెలుపుకు తిరిగిందో చూచి నాటు కాలం అంచనా వేస్తారు. ఆ అంచనాను సరిచూడడానికి ఎవరైనా గట్టుమీదకు వచ్చి ‘ఏ తేదీన నాటినావు పెద్దయ్యా?’ అంటే, వారికి కావలసినది పంచాంగం చూచి చెప్పే ఖచ్చితమైన తేదీ.